రాజిం దారిలో మా బావ పొట్టి పెడలు సైకిలు

రాయ్‌పూర్ నుంచి రాజింకి చిన్న రైలుండగా సైకిలెందుకని అడిగేవాళ్ళు ఇక్కడితో చదవడం ఆపేయొచ్చు. వాళ్ళకోసం నేను రాయడం లేదు. ఇనప సైకిలుని ఇంట్లో మనిషిలా చూసుకునేవాళ్ళు కొందరుంటారు. దాన్ని విప్పుతారు, అతుకుతారు, రంగేస్తారు, ఏదో నచ్చక మళ్ళీ విప్పుతారు. ఆదివారం వస్తే ఊరు దాటిపోకుండా ఉండలేరు. ఈ రాత వాళ్ళకోసం. దారి ఇరవై ఎనిమిది మైళ్ళు, చాలావరకు ఎర్ర ముర్రం రోడ్డు, మధ్యలో అభన్‌పూర్. నాలుగేళ్ళ కిందట మాఘమాసంలో నేనూ మా బావా ఆ దారిన వెళ్ళాం. సరదాకి వెళ్ళలేదు. మా బావ మళ్ళీ పనివాడు అనిపించుకుంటాడా, బతికినంతకాలం నీళ్ళ కుండ పక్కన కూర్చుంటాడా అన్నది ఆ ఒక్క పూటలో తేలాల్సి ఉండింది.

మా రైల్వే కాలనీలో తెలుగువాళ్ళందరం విజయనగరం, బొబ్బిలి, పార్వతీపురం వైపు నుంచి ఈ లైను పట్టుకుని వచ్చినవాళ్ళమే. మాలో కొత్త సైకిలు కొనే తాహతు ఎవడికీ లేదు. దొరలు వదిలేసి పోయిన పాత విలాయతీ ఫ్రేములు తుక్కు బజారులో దొరికేవి. ఒకడికి ఫ్రేము దొరికితే చక్రాలుండవు, ఇంకొకడికి చక్రాలుంటే ముందు చక్రాన్ని పట్టే చిమటా వంకర. ఆ ఎముకలన్నీ ఏరుకొచ్చి సాయంత్రాలు వసారాలో కూర్చుని సైకిళ్ళు చేసేవాళ్ళం. ఫ్రేముకి పైన ఒక గొట్టముంటే రెండోది వేసేవాళ్ళం. వెలిగారం చల్లి, ఇత్తడి కరిగించి పోసిన అతుకుని ఆకురాయితో ఎంత నున్నగా చేసేవాళ్ళమంటే వేలితో తడిమినా తెలిసేది కాదు. సీటు కింద పెద్ద స్ప్రింగులు, వెనక బియ్యం బస్తా మోసే ఇనప క్యారియరు, మడ్‌గార్డు మీద సన్నటి పసుపు గీత. ఆ గీత గియ్యడానికి మా బావ ఉడుత తోక వెంట్రుకలతో కుంచె కట్టుకున్నాడు. ఆదివారం పొద్దున తెలీబంధా చెరువు దగ్గర అందరం వరసగా సైకిళ్ళు కడుక్కుంటుంటే పశువుల్ని కడగడానికొచ్చినవాళ్ళు మమ్మల్ని చూసి నవ్వేవాళ్ళు.

మాకో కట్టుబాటు ఉండేది. రోడ్డెక్కాక ఎవడి బండి వాడిదే. చైను తెగినా ట్యూబు పేలినా చేసినవాడే బాగుచేసుకోవాలి. ఎత్తు వచ్చినప్పుడు పక్కవాడు వీపు మీద చెయ్యేసి తొయ్యకూడదు. తోయించుకున్నవాడి బండిని ఆ పైన ఎవడూ బండి అనేవాడు కాదు, తోపుడుబండి అనేవాడు.

మా అక్క మొగుడు సింహాచలం షెడ్డులో ఫిట్టరు. జాకీ జారి వేగను చక్రాల జత దొర్లి ఎడం మోకాలి మీదికి వచ్చింది. కాలు తియ్యలేదు గాని మోకాలు పూర్తిగా వంగదు. ఆస్పత్రి నుంచి వచ్చిన మనిషికి తేలిక పని ఇస్తున్నామని చెప్పి ప్లాట్‌ఫారం మీద నీళ్ళ కుండ దగ్గర కూర్చోబెట్టారు. చులకన పని! ఇరుసు చప్పుడు విని జబ్బు చెప్పగలిగే మనిషి చేతికి లోటా ఇచ్చారు. నేను అప్పట్లో షెడ్డులో ఖలాసీని. ఆఫీసుకి వెళ్ళి అరిచాను. నన్ను రెండ్రోజులు పనిలోకి రానివ్వలేదు, అంతకుమించి ఏమీ జరగలేదు.

చివరికి చిన్న లైను ఇన్‌స్పెక్టరు ఒక మాటన్నాడు. గేటుమేన్లు సెలవు పెట్టినప్పుడు వాళ్ళ బదులు ఒక గేటు నుంచి ఇంకో గేటుకి తిరుగుతూ కాపలా కాసే మనిషి ఆయనకి కావాలి. ఆ మనిషి రైలు కోసం కూర్చోకూడదు, సైకిలు మీద తనంతట తాను పోగలగాలి. "కుంటివాణ్ణి ఎలా తీసుకోను? సరే, మంగళవారం నేను నవాపారా స్టేషన్లో ఉంటాను. మధ్యాహ్నం లోపల సైకిలు తొక్కుకుంటూ రమ్మను. ఎవరూ తొయ్యకూడదు, రైలెక్కకూడదు. వస్తే చూస్తా" అన్నాడు. నవాపారా అంటే నదికి ఇవతలి ఒడ్డు, అవతలి ఒడ్డు రాజిం. చిన్న లైను ఆ ఒడ్డుతో ఆఖరు.

ఇక సైకిలు చెయ్యడం మొదలుపెట్టాం. మోకాలు కొంచెమే వంగే కాలికి పెడలు తిరిగే చుట్టు కూడా కొంచెమే ఉండాలి. అందుకని ఎడం పక్క పెడలు రాడ్డుకి సగంలో కొత్త బెజ్జం వేసి, పెడలుని అక్కడికి జరిపాం. ఎడం పెడలుకి మర ఎదురు తిరుగుతుంది, ఆ మర కోసే పనిముట్టు కోసం రాయ్‌పూరంతా తిరిగాను. ఎడం కాలు ఊరికే పొట్టి చుట్టు చుడుతుంది, బలమంతా కుడి కాలుదే. అది కిందికి తొక్కడమే కాదు, పైకి లాగాలి కూడా. అందుకు కుడి పెడలుకి తోలు పట్టీ కుట్టాం. సాయంత్రాలు టాటీబంధ్ వైపు తీసుకెళ్ళి తొక్కించాను. నాలుగుసార్లు పడ్డాడు, అయిదోసారి పాట ఎత్తుకున్నాడు. వెళ్ళే ముందురోజు ఇద్దరం కలిసి ఆ బండి హబ్బులు రెండూ విప్పి షెడ్డు గ్రీజు దట్టంగా కూరాం. ఎక్కడిదని అడక్కండి. ఏడాదిపాటు మళ్ళీ విప్పే పనుండదని మురిసిపోయాం కూడా.

మంగళవారం తెలతెలవారుతుండగా బయల్దేరాం. మా అక్క సత్తెవతి రొట్టెలు మూటగట్టి నా క్యారియరుకి కడుతూ నా చెవిలో అంది: "ఒరే రావుడూ, ఆ ఇన్‌స్పెక్టరు కాడ నోరెత్తకు. మీ బావ కాలు కన్నా నీ నోరంటేనే నాకు బయం." బావ విన్నాడు. "ఆడి నోటికి బ్రేకు కట్టడం నా వల్ల కాలేదే. టైము సాల్లేదు" అన్నాడు.

ఆ వేళలో బూఢా తాలాబ్ చెరువు మీద పొగలా మంచు లేస్తుంది. దాని ఒడ్డునుంచి దక్షిణానికి ధమ్‌తరీ రోడ్డు పట్టుకోవాలి. ఊళ్ళోనే రెండు సీసాల నిండా నీళ్ళు పట్టుకోండి. ఊరు దాటాక చలికి వేళ్ళు కొంకర్లు పోతాయి, మఫ్లరు లేకుండా పోవద్దు. రోడ్డుకి పక్కనే చిన్న లైను పోతుంటుంది. రెండు వైపులా వరి కోసేసిన మళ్ళు, మోళ్ళ మీద మంచు. అంతటి అందమైన దారిలో మా బావ మూలుగుతున్నాడు. నా బండి నల్లేరు మీద బండిలా పోతోంది. ఆయనది బురదలో పోతున్నట్టుంది. చదును రోడ్డు మీద కూడా తొక్కడం ఆపిన మరుక్షణం ఆగిపోతోంది.

"ఎదురుగాలిరా" అన్నాడు.

గాలే లేదు. చెట్టు మీద ఆకు కదలడం లేదు. కాలులో పస లేదేమోనని నాకు అనుమానం, ఆయనకీ అదే అనుమానం. ఇద్దరం పైకి అనకుండా నాలుగైదు మైళ్ళు పోయాం. ఆయన ముక్కు నుంచి ఆవిరి ఇంజను నుంచి వచ్చినట్టు వస్తోంది. కుడి తొడ వణుకుతోంది. ముందొక చిన్న ఎత్తు వచ్చింది. రోడ్డు మీద పురుగు లేదు. నేను పక్కకి చేరి ఆయన వీపు మీద చెయ్యేశాను.

గట్టిగా బ్రేకు నొక్కి ఆపేశాడు. "సెయ్యి తీ."

"ఎవుడు సూత్తన్నాడు బావా? ఇక్కడ కాకులే ఉన్నాయి."

"నాను సూత్తన్నాను. ఆ ఇన్‌స్పెక్టరు అడిగితే నాను మరేటి సెప్పాలి? కాకులు సెప్పవులే అనా?" కాసేపు ఊపిరి తీసుకున్నాడు. "ఈ ఎత్తు ఎక్కలేకపోతే కుండ కాడికే పోతాను రావుడూ. తోపుడుబండి మీద గేటుకి పోను."

దిగి నడిపిస్తూ ఎక్కాడు. నడిపించుకోవచ్చు, కట్టుబాటులో అది తప్పు కాదు. పైకి చేరాక కోపం పట్టలేక నేను ఆయన బండి వెనక చక్రం పైకెత్తి చేత్తో గట్టిగా తిప్పాను. మంచి చక్రం అయితే మనం బీడీ ముట్టించుకునేదాకా తిరగాలి. అది ఒక్క చుట్టు తిరిగి, ఆలోచించుకుని, ఆగిపోయింది. ముందు చక్రమూ అంతే. ఇద్దరం ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నాం.

"గ్రీజు!" అన్నాడు బావ.

టన్నుల బరువు మోసే వేగను ఇరుసుకి పెట్టే గ్రీజది. ఆ చలికి హబ్బులో కొవ్వొత్తిలా గడ్డకట్టింది. సైకిలు షాపువాడెవడూ ఈ పని చెయ్యడు. రైలు బుర్రలు గనక మేం చేశాం. బావ రోడ్డు పక్కన కూలబడి కడుపు పట్టుకుని నవ్వాడు. "నా కాలనుకున్నానురా! రాత్తిరి మనం కూరిన గ్రీజురా!" అని కళ్ళు తుడుచుకున్నాడు. నాకు నవ్వు రాలేదు. టైము పోతోంది.

అభన్‌పూర్ చేరేసరికి తొమ్మిదిన్నర దాటింది. మామూలుగా అయితే రాయ్‌పూర్ నుంచి అక్కడికి రెండున్నర గంటలు చాలు, మీరు అంతే లెక్క వేసుకోండి. స్టేషను దాటాక తాటాకు పాకలో ఒక పెద్దావిడ భజియాలు వేస్తుంటుంది. అణా ఇస్తే ఆకు నిండా పెడుతుంది, పచ్చిమిరపకాయ చట్నీ వేరు. అక్కడ ఆగకుండా పోకండి. మాకు మాత్రం ఆవిడ పొయ్యి మీద కన్ను పడింది. చక్రాలూడదీసి పొయ్యి పక్కన నిప్పుల దగ్గర హబ్బులు వెచ్చబెట్టుకుంటామని నేను హిందీలో అడిగితే ఆవిడ గరిటె పట్టుకుని అలాగే ఉండిపోయింది.

"సైకిల్ ల జాడ్ లాగత్ హే కా?" అంది. సైకిలుకి చలేస్తోందా అని. పాకలో ఉన్నవాళ్ళంతా గొల్లుమన్నారు.

"అవును దాయీ, రాత్రంతా బయట పడుకుంది" అన్నాడు బావ, ఆయనకొచ్చిన హిందీలో. అక్కడ దాయీ అంటే అమ్మ.

ఆవిడ ఆయన చాపిన కాలు చూసింది. "తోర్ గోడ్ ల కా హోగే బేటా?" అంది మెత్తగా, కాలికేమైందని.

"రైలు గట్టిగా కావిలించుకుంది దాయీ. దానికి నేనంటే చాలా ఇష్టం."

ఆవిడ నిప్పులు ఒక పక్కకి ఎగదోసి చోటిచ్చింది. నేను చక్రాలు పట్టుకుని టైరు కాలకుండా తిప్పుతూ కూర్చున్నాను. "జల్దీ కర, మోర్ భజియా జర్ జాహీ" అని మధ్యమధ్య తిట్టింది, తన భజియాలు మాడిపోతాయని. గ్రీజు కరిగి హబ్బు అంచున చెమటలా పట్టింది. గుడ్డతో తుడిచినంత తుడిచి, చక్రాలు బిగించి, వేలితో ఒక్క తోపు తోశాను. చప్పుడు లేకుండా తిరిగింది. తిరుగుతూనే ఉంది. బావ భజియా నమలడం ఆపేసి దాన్నే చూశాడు.

అక్కడినుంచి నవాపారా పదకొండు మైళ్ళు, రోడ్డు తూర్పుకి తిరుగుతుంది. ఆ పదకొండు మైళ్ళు నా జీవితంలో మళ్ళీ రాలేదు. ఎండ వెచ్చగా ఉంది. బావ కుడి కాలు తొక్కుతోంది, లాగుతోంది, ఎడం కాలు చిన్న చుట్టు చుడుతోంది. దూరం నుంచి చూస్తే ఒక కాలు నడుస్తోంది, ఇంకో కాలు తాళం వేస్తోంది. ఎడ్లబండ్లని దాటినప్పుడల్లా గంట కొట్టాడు. నేను వెనకబడ్డాను. "రా రా, తోయమంటావేటి?" అని వెనక్కి తిరిగి అరిచాడు.

నవాపారాలో స్టేషను ముందు నుంచి రోడ్డు నదిలోకి దిగుతుంది. ఇక్కడ మీరు జాగ్రత్తగా ఉండాలి, మేం ఉండలేదు. ఎండ ముదిరింది, పదకొండు మైళ్ళు చక్రాలు ఉరికాయి. హబ్బులో మిగిలిన గ్రీజు నూనెలా కరిగి, చువ్వల వెంట పాకి, రిమ్ముల నిండా పట్టింది. ఆ సంగతి మాకు తెలియదు. ఇంకా పన్నెండు కాలేదు. స్టేషను ముందు తెల్ల టోపీ పెట్టుకుని ఇన్‌స్పెక్టరు నిలబడి ఉన్నాడు. బావ ఆయన్ని చూసి ఠీవిగా బ్రేకు నొక్కాడు. రబ్బరు ముక్కలు రిమ్ము మీద వెన్నలో వేళ్ళలా జారాయి. కుడి పాదం పట్టీలో ఇరుక్కుంది, బిగిసిన ఎడం కాలు నేల మీద ఈడ్చి ఆపలేడు. ఏం చెయ్యాలో తెలియక కుడి చెయ్యెత్తి ఇన్‌స్పెక్టరుకి సలాం కొట్టి, గంట కొట్టుకుంటూ ఆయన ముందు నుంచి దూసుకుపోయాడు. ఇన్‌స్పెక్టరు తల పక్కకి తిరుగుతూ పోయింది. రేవు దిగి, బట్టలుతికేవాళ్ళ మధ్య నుంచి పోయి, మహానది ఇసకలో ముందు చక్రం కూరుకుపోయి, బావ గాల్లో లేచి పడ్డాడు.

నేను సైకిలు పారేసి పరిగెత్తాను. వెనక ఇన్‌స్పెక్టరు కూడా వస్తున్నాడు. బావ ఇసకలో వెల్లకిలా పడి ఉన్నాడు. దెబ్బేమైనా తగిలిందేమోనని నేను చెయ్యి చాపితే, కళ్ళతోనే వద్దన్నాడు. పట్టీ ఊడదీసుకున్నాడు. సైకిలుని నిలబెట్టి దాన్ని పట్టుకుని తాను లేచాడు. తర్వాత ఏం చేశాడో తెలుసా? ఇన్‌స్పెక్టరుని చూడలేదు, నన్ను చూడలేదు. పొడి ఇసక గుప్పిళ్ళతో తీసి రిమ్ములకి రుద్దడం మొదలుపెట్టాడు. గ్రీజంతా ఇసక తాగేసింది. తువ్వాలుతో తుడిచి బ్రేకు నొక్కి చూసుకుని, అప్పుడు బండి నడిపించుకుంటూ రేవు ఎక్కి వచ్చి ఇన్‌స్పెక్టరు ముందు నిలబడ్డాడు.

"దారిలో ఎవరు తోశారు?" అన్నాడాయన హిందీలో.

"ఒకసారి ఒక చెయ్యి పడింది సాబ్. తీయించేశాను."

ఇన్‌స్పెక్టరు నావైపు చూశాడు. బావ కాలిమీది ఇసక చూశాడు. "ఆగమన్న చోట ఆగలేనివాడికి గేటు ఎలా ఇవ్వమంటావయ్యా?"

నాకు అక్క మాట గుర్తు లేదు. ఆ కాలు విరిగింది మీ జాకీ జారి కాదా, లోటా పట్టుకుని కూర్చోబెట్టడానికి సిగ్గు లేదా, చలిలో ఇరవై ఎనిమిది మైళ్ళు ఒంటికాలితో మీలో ఎవడైనా తొక్కుతాడా అని మొదలుపెట్టాను. బావ నా వైపు చూడకుండానే, "నోర్ముయ్ రావుడూ, పెద్దోళ్ళం మాటాడుకుంతన్నాం" అన్నాడు. ఆ పైన ఇన్‌స్పెక్టరుతో సగం హిందీ, సగం మా శ్రీకాకుళం వైపు యాస కలిపి అన్నాడు: "గేటు కాడ ఆగాల్సింది బళ్ళు కదా సాబ్. నాను కాదు. నాను ముందునుంచీ అక్కడే ఉంతాను."

ఇన్‌స్పెక్టరు టోపీ తీశాడు. నవ్వు ఆపుకోవడానికి నది వైపు తిరిగాడని నాకు ఇప్పటికీ నమ్మకం. "అభన్‌పూర్ అవతల, రాయ్‌పూర్ వైపు ఒక గేటుమేను జ్వరంతో పడున్నాడు. చీకటి పడేలోపు అక్కడ ఉండగలవా?"

"ఇప్పుడే ఎల్తాను."

రాజిం గుడి చూడకుండానే వెనక్కి తిరిగాడు. రొట్టెలు నిలబడే తిన్నాడు. ఇంటికొచ్చి అక్కకి చెప్పి పొమ్మంటే, "నువ్వు సెప్పు. కుండ కాడికి మరి ఎల్లడని సెప్పు, అదే సాలు" అన్నాడు. నేను ఇసక దాటి గుడి చూసుకుని, మధ్యాహ్నం చిన్న రైలెక్కాను. అర్ధరూపాయి లోపే టికెట్టు, సైకిలుకి వేరే. అభన్‌పూర్ దాటాక కిటికీలోంచి చూస్తే పక్క రోడ్డు మీద బావ! ఆ రైలు ఎంత నెమ్మదో ఎక్కినవాళ్ళకి తెలుసు. కాసేపు పక్కపక్కనే పోయాం. నేను అరిస్తే పెట్టెలో జనమంతా ఒకే వైపు కిటికీలకి వచ్చి అరిచారు. బావ గంట కొట్టాడు. డ్రైవరు కూత పెట్టాడు. ఒక దగ్గర ఆయనే ముందున్నాడని ఇప్పటికీ వాదిస్తాడు.

ఆ గేటు తర్వాత ఆయనకే ఖాయమైంది. అక్కా ఆయనా అక్కడి గేటు ఇంటికి మారిపోయారు. మా వసారా జట్టు కూడా చెదిరింది. ఒకడికి బదిలీ అయింది, ఇద్దరు బండ్లు అమ్ముకున్నారు. ఇప్పటి కుర్రాళ్ళు మెరిసే కొత్త సైకిళ్ళు కొని తొక్కుతున్నారు. చైను జారితే షాపు ముందు నిలబడి వాచీ చూసుకుంటున్నారు. వాళ్ళ బండిలో వాళ్ళ చెయ్యి పడిన చోటు ఒక్కటీ లేదు. నాకు కోపమొస్తుంది, ఆ తర్వాత బెంగొస్తుంది. ఇత్తడి కరుగుతున్నప్పుడు వచ్చే ఆకుపచ్చ మంట, చెరువు ఒడ్డున తడి సైకిళ్ళ వరస, తప్పు చేసి రోడ్డు పక్కన కూలబడి నవ్విన బావ. వీటిని ఏ షాపులో కొనుక్కుంటాం? నేను ఒంటరిగానైనా ఏడాదికోసారి రాజిం పోతూనే ఉన్నాను.

మీకు ఒకటే సలహా. వెళ్ళేటప్పుడు తొక్కండి, వచ్చేటప్పుడు సైకిలుని బ్రేకువేనులో వేసి చిన్న రైలెక్కండి. రోడ్డు కనపడే వైపు కిటికీ పట్టుకోండి. అభన్‌పూర్ దాటాక ఒక గేటు దగ్గర పచ్చ జెండా పట్టుకుని, ఒక కాలు చాచి నిలబడ్డ మనిషి కనిపిస్తాడు. వెంటనే పిలవకండి. సొంత బావమరిదిని, నేను పిలిచినా తలెత్తడు. ఏ ఇరుసు వేడెక్కి పొగ వస్తోందోనని ఒక్కొక్క చక్రాన్నే చూస్తుంటాడు. ఆఖరి పెట్టె దాటనివ్వండి. అప్పుడు వెనక్కి వంగి చూడండి, చెయ్యి ఊపుతుంటాడు.